సరిహద్దు ఊళ్ల చుట్టరికం

ఒకే దారి మీద నాలుగు ఏలుబడులు. ఒకే సంతలో రెండు రూపాయలు. ఊరి పీర్లకు హిందువుల మొక్కులు, ఊరి మేకలకు ముల్లా కత్తి. 1948కి ముందు మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ, సూర్యాపేట పల్లెల్లో జనం ఎలా బతికారు? ఆ బతుకు ఎక్కడ తెగింది?

జనవరి నెలాఖరు. దామరచర్ల వైపు నుంచీ నేరేడుచర్ల వైపు నుంచీ ట్రాక్టర్లు, ఆటోలు, ఆర్టీసీ బస్సులు ఒకదాని వెనకొకటి జాన్‌పహాడ్ దారి పడతాయి. ట్రాలీలో ముందు మేకపోతు, దాని పక్కన బియ్యం మూట, వంట గిన్నెలు, వాటి మధ్యలో ఒళ్లో పిల్లాడితో అమ్మమ్మ. దర్గా చుట్టూ పొలాల్లో, చెట్ల కింద, ఎక్కడ పడితే అక్కడ మూడు రాళ్ల పొయ్యిలు లేస్తాయి. కొబ్బరికాయ, అగరుబత్తి, ఊదు, బెల్లం. పసుపు పూసిన ముఖాలూ నల్ల బురఖాలూ ఒకే వరసలో నిలబడి ఉంటాయి. పోతును ముల్లా కోస్తాడు. వండిన కూరలోంచి మొదటి గిన్నె ఫాతెహాకు పోతుంది. ఆ తరవాతే కందూరు భోజనం. వచ్చినవాళ్లలో కృష్ణ అవతలి పల్నాడు జనం కూడా ఉంటారు.

ఈ చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా సైదులు, సైదమ్మ, సైదిరెడ్డి అనే పేర్లు వినపడతాయి. వాళ్లలో ఎక్కువమంది హిందువులే. జాన్‌పహాడ్ సైదులుకు మొక్కుకుంటే పుట్టినవాళ్లు. ఓటరు జాబితా తిరగేస్తే చాలు, ఒక్కో పేజీలో ఇద్దరు ముగ్గురు సైదులు తగులుతారు.

సెప్టెంబరు వచ్చేసరికి ఇదే నేల మీద మరో జాతర మొదలవుతుంది. 1948లో నిజాం భారత సైన్యానికి లొంగిన 17వ తేదీని ఏమని పిలవాలన్న జాతర. విమోచనమని ఒకరు, విలీనమని ఇంకొకరు, విద్రోహమని మరొకరు. 2022లో కేంద్రం హైదరాబాద్ విమోచన దినమంది. అదే ఏడు అప్పటి రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినమంది. 2024లో కొత్త ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవమంది. జెండాలు మారాయి, వేదికలు మారాయి, ఉపన్యాసాల్లో నిజాం, సర్దార్ పటేల్, రజాకార్ అన్న మూడు పేర్లు మారలేదు. జనవరిలో జాన్‌పహాడ్‌లో పొయ్యి వెలిగించిన జనం తాతలు అప్పుడు ఎక్కడున్నారు, ఎట్లా ఉన్నారు అన్నది ఆ వేదికల మీద ఎవరూ చెప్పరు. ఈ కథనం వాళ్ల గురించి.

ఒక బండి, నాలుగు ఏలుబడులు

విజయవాడ నుంచి హైదరాబాద్ వచ్చే 65వ నంబరు జాతీయ రహదారి ఇప్పుడు నాలుగు గంటల ప్రయాణం. ఇదే దారిలో 1940 ప్రాంతంలో జగ్గయ్యపేట నుంచి సూర్యాపేటకు ఎడ్లబండి కట్టుకుని బయల్దేరిన వ్యాపారిని ఊహించుకోండి. జగ్గయ్యపేట కృష్ణా జిల్లా, మద్రాసు రాష్ట్రం, అంటే ఇంగ్లీషు వాళ్ల ఏలుబడి. పాలేరు వాగు దాటగానే నల్లబండగూడెం, కోదాడ. అది నిజాం ఇలాకా. అక్కడ కరోడ్‌గిరీ వాళ్లు బండి ఆపి సరుకు చూసి సుంకం కట్టించుకుంటారు. కోదాడ దాటి కొంత దూరం పోతే ఆకుపాముల, మునగాల. మళ్లీ ఇంగ్లీషు ఏలుబడి! ముకుందాపురం దాటి సూర్యాపేట వైపు తిరిగితే మళ్లీ నిజాం. ఒక్క ప్రయాణంలో ప్రభుత్వం మూడు సార్లు మారేది. దారి పొడుగునా మాట్లాడేది మాత్రం ఒకే తెలుగు.

ఈ వింతకు కారణం మునగాల పరగణా. చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో కృష్ణా జిల్లా నందిగామ తాలూకాకు చెందిన జమీందారీ. మునగాల రైతు తన తాలూకా కచేరీకి పోవాలన్నా పరాయి రాజ్యం దాటి పోవాల్సిందే. ఉత్తర సర్కార్లు నిజాం చేతుల్లోంచి ఇంగ్లీషు వాళ్ల చేతుల్లోకి పోయినప్పుడు గీసిన గీతల్లో మిగిలిపోయిన ముక్క ఇది.

బాక్స్: ద్వీపంలో ద్వీపం
మునగాల నిజాం రాజ్యంలో చిక్కుకున్న ఇంగ్లీషు ముక్క అయితే, దానికి అద్దంలో బొమ్మలాంటిది నందిగామ దగ్గరి పరిటాల. చుట్టూ కృష్ణా జిల్లా, మధ్యలో పరిటాలతో పాటు మరికొన్ని ఊళ్లు నిజాంవి. వజ్రాల గనుల కోసమే నిజాం వాటిని వదులుకోలేదని చెప్పుకుంటారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక, భారత సైన్యం నిజాం రాజ్యంలోకి దిగిన పోలీస్ చర్యకు ముందు, ఈ ఊళ్లు నిజాం ఏలుబడి మాకొద్దంటూ ‘పరిటాల రిపబ్లిక్’గా ప్రకటించుకున్నాయి.

నడిగూడెం కోట చేసిన మేలు

మునగాల రాజావారి కోట నడిగూడెంలో ఉంది. రాజా నాయని వెంకట రంగారావు జమీందారు, కొమర్రాజు వెంకట లక్ష్మణరావు ఆయన దివాను. వీళ్లిద్దరూ రావిచెట్టు రంగారావు తదితరులతో కలిసి 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం స్థాపించారు. ఇంగ్లీషు ముక్కలోని దివాను నిజాం రాజధానిలో తెలుగుకు గుడి కట్టాడన్నమాట. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి వచ్చింది, ఆ తరవాత ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం. జాతీయ పతాకం రూపకర్త పింగళి వెంకయ్య కూడా పత్తి పరిశోధనలు చేస్తూ కొంతకాలం ఈ కోటలో ఉన్నారు. జెండా ఆలోచన ఇక్కడే పుట్టిందని నడిగూడెం జనం గర్వంగా చెప్పుకుంటారు.

ఒక్క మాట చెప్పుకోవాలి. చదువు పంచిన ఈ కోటే రైతుల దగ్గర శిస్తు వసూలు చేయించిన కోట కూడా. 1930ల్లో రాజావారికి వ్యతిరేకంగా పరగణా రైతులు చేసిన పోరాటం తెలుగు నేల మీద జమీందారీ వ్యతిరేక ఉద్యమాల్లో చెప్పుకోదగ్గది. మంచివాడనో చెడ్డవాడనో ఒక్క ముద్రతో రాజావారిని తేల్చేయడం కుదరదు.

నిజాం వైపు సభ పెట్టాలంటే గస్తీ నిషాన్ 53 అడ్డం. అధికారుల అనుమతి లేకుండా నలుగురు కూడితే నేరం. మునగాల వైపు ఆ బాధ లేదు. అందుకే బెజవాడలో అచ్చయిన పత్రికలు, కరపత్రాలు ఈ పరగణా మీదుగా నిజాం ఊళ్లలోకి జారేవి. కోదాడకు దగ్గరలోని చిలుకూరులో 1941లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ జరగడం వెనక ఈ సరిహద్దు గాలి కూడా ఉందని నా నమ్మకం.

హాలీకి ఇంత, కల్దారుకు ఇంత

సరిహద్దు ఊళ్ల జనం లెక్కల్లో గట్టివాళ్లు. కాకపోతే బతకలేరు. నిజాం వైపు చెల్లేది హాలీ రూపాయి, అవతల కల్దారు. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దారు రూపాయలన్నది రమారమి మారకం. కోదాడ సంతలో ఎద్దు బేరం కుదిరితే ‘ఏ రూపాయల్లో?’ అన్నది మొదటి ప్రశ్న. ఇద్దరు అన్నదమ్ములు వాగుకు చెరో పక్క పొలం చేస్తే ఒకరు హాలీలో పన్ను కట్టేవారు, ఇంకొకరు కల్దారులో. అక్కను జగ్గయ్యపేట వైపు ఇచ్చినవాళ్లు, చెల్లెల్ని హుజూర్‌నగర్ వైపు ఇచ్చినవాళ్లు పెళ్లి సారె మీద కూడా నాకాలో జవాబు చెప్పుకోవాల్సి వచ్చేది.

చదువు దగ్గర మాత్రం తేడా కొట్టొచ్చినట్టు ఉండేది. నిజాం ఇలాకాలో కచేరీ భాష ఉర్దూ, పై చదువు ఉర్దూ. 1918లో వచ్చిన ఉస్మానియా విశ్వవిద్యాలయం కూడా ఉర్దూలోనే పాఠం చెప్పింది. తెలుగులో చదివించాలనుకున్న తండ్రి కొడుకును వాగు దాటించి బంధువుల ఇంట్లో పెట్టేవాడు. కచేరీ ఉద్యోగం కావాలనుకున్న తండ్రి ఊరి మౌల్వీ దగ్గర అలీఫ్, బే దిద్దించేవాడు. బ్రాహ్మణ, కరణం ఇళ్లలో ఉర్దూ, ఫారసీ బాగా వచ్చినవాళ్లు చాలామంది ఉండేవారు. పల్లెల్లోని ముస్లింలకేమో ఇంటి బయట తెలుగే. దూదేకులవాళ్లకు ఇంట్లో కూడా తెలుగే.

పీర్ల కొట్టం ముందు ఊరంతా

మొహర్రం నెల పొడుపు కనపడ్డ రోజు నుంచి పీర్ల కొట్టానికి సున్నం వేసేవారు. పెట్టెలోంచి పీర్లను తీసి తోమి, దట్టీలు కట్టి నిలబెట్టేవారు. కొట్టం ముందు గుండం తవ్వి మొద్దులు పేర్చేవారు. మొద్దులు వచ్చేది పటేలు ఇంటి నుంచి, దివిటీ పట్టేది చాకలి, డప్పు కొట్టేది మాదిగ, ఊదు వేసి నెమలి ఈకల కుంచెతో దీవించేది ముజావర్. పీరును ఎత్తుకుని గుండం చుట్టూ ఆడేవాళ్లలో సగానికి పైగా హిందువులే. ‘అసోయ్ దూలా’ అంటూ తెల్లవార్లూ తిరిగేవారు. చివరి రోజు ఇంటింటి ముందు పీరు ఆగితే ఆ ఇంటి ఇల్లాలు బిందెడు నీళ్లు పీరు పట్టినవాడి కాళ్ల మీద పోసి, కుడుక కట్టి, మలీదా పెట్టి పంపేది. ఒక్క ముస్లిం ఇల్లు కూడా లేని ఊళ్లలో పీర్లు లేచాయి, ఇప్పటికీ లేస్తున్నాయి.

పండగొక్కటే కాదు, పని కూడా జనాన్ని ముడివేసింది. చలికాలం ముందు దూదేకుల సాయిబు విల్లు భుజాన వేసుకుని ఊళ్లోకి వచ్చేవాడు. వాకిట్లో కూర్చుని తీగ మీద దూది ఏకుతుంటే పిల్లలంతా చుట్టూ చేరేవారు. పరుపుకు ఇంతని ముట్టేదాంట్లో డబ్బు తక్కువ, వడ్లు ఎక్కువ. గాజుల సాయిబు ఆడపిల్ల సీమంతానికి రావాల్సిందే. ఇక మేక కోయాలంటే ఊరి ముల్లా రావాలి. హిందువుల ఇంట్లో పెళ్లయినా, ఊరి దేవత పండగైనా చాలా తెలంగాణ పల్లెల్లో ఇదే ఆచారం. ఆయనకు తలకాయో, కొంత మాంసమో, రెండు అణాలో ముట్టేవి. వరసలు పెట్టి పిలుచుకునేవారు. పెద్దవాడైతే మామ, సమవయస్కుడైతే బావ, ముసలమ్మ అయితే నానమ్మ.

దీన్ని మరీ అందంగా చిత్రించకూడదు. చాలామంది హిందువులు ముస్లింల ఇంట్లో నీళ్లు తాగేవారు కాదు. మాదిగ డప్పు లేనిదే పీరు కదలదు, ఆ డప్పు కొట్టిన మనిషి మాత్రం పటేలు అరుగు ఎక్కకూడదు. కులం గోడ మతం గోడ కంటే ఎత్తు. ఊరి పైన దేశ్‌ముఖ్. సూర్యాపేట తాలూకాలో ఎర్రపాడు జన్నారెడ్డి ప్రతాపరెడ్డి చేతిలో లక్షన్నర ఎకరాలుండేవని పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. కింద వెట్టి. వెట్టి చేసేవాళ్లలో హిందువున్నాడు, పేద ముస్లిమున్నాడు. చేయించేవాడు మాత్రం చాలాచోట్ల హిందూ దొర, అతని వెనక నిలబడ్డది ముస్లిం అమీనూ పోలీసూ. జనగామ వైపు కామారెడ్డిగూడెంలో 1940లో దేశ్‌ముఖ్ మనుషులు నరికి చంపిన షేక్ బందగీ తన నాలుగు ఎకరాల కోసం కోర్టుకెక్కిన చిన్న రైతు. తెలంగాణ రైతులు అతన్ని తమవాడనుకున్నారు. అతని మతం ఎవరికీ అడ్డం రాలేదు.

తుపాకి ఎక్కడి నుంచి వచ్చింది?

ఊరి లోపలి కక్షలు ముదిరి ఈ చుట్టరికం తెగిందనుకుంటే పొరపాటు. 1946 దాకా సూర్యాపేట, హుజూర్‌నగర్ తాలూకాల్లో గొడవంతా భూమి గురించి, లెవీ గురించి, వెట్టి గురించి. బాలెంల, పాత సూర్యాపేట, మల్లారెడ్డిగూడెం జనం పోలీసులను ఎదిరించింది అందుకే. 1947 నుంచి కథ మారింది. హైదరాబాద్‌లో ఇత్తెహాదుల్ ముస్లిమీన్ పగ్గాలు లాతూరు వకీలు ఖాసిం రజ్వీ చేతికొచ్చాయి. దాని సాయుధ దళాలైన రజాకార్లు పల్లెల్లోకి దిగారు. చిట్యాల దగ్గరి గుండ్రాంపల్లి ఊచకోతను ఆ ఊరు ఇంకా మరవలేదు.

సరిహద్దు ఊళ్ల మీద దెబ్బ ఇంకో రకంగా కూడా పడింది. 1947 నవంబరులో భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం కుదిరిన కొద్దికాలానికే నిజాం ప్రభుత్వం తన ఇలాకాలో భారత రూపాయి చెల్లదంది. తరవాత భారత ప్రభుత్వం సరుకుల రాకపోకలు బిగించింది. రెండు రూపాయలతో నడిచిన సంత ఒక్క రూపాయితో కుంటుపడింది. సరిహద్దు పొడుగునా స్టేట్ కాంగ్రెస్ శిబిరాలు, కమ్యూనిస్టు దళాలు, అవతల రజాకార్లు, పోలీసులు. నిన్నటి దాకా సారె మోసుకెళ్లిన దారిలో ఇప్పుడు జనం ముల్లె మూట కట్టుకుని పిల్లల్ని చంకనేసుకుని జగ్గయ్యపేట, నందిగామ, బెజవాడ పరుగెత్తారు.

రజాకార్లను కాదన్నవాళ్లు ముస్లింలలోనూ ఉన్నారు. రజాకార్లను రాతతో ఎదిరించిన ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టులో హైదరాబాద్ వీధిలో కాల్చి చేయి నరికారు. కవి మఖ్దూం మొహియుద్దీన్ రైతుల పక్షాన నిలబడి అజ్ఞాతంలో తిరిగాడు.

బాక్స్: అయిదు రోజులు
1948 సెప్టెంబరు 13: మేజర్ జనరల్ ఎ.ఎ.రుద్ర నాయకత్వంలో తూర్పు దండు బెజవాడ వైపు నుంచి కదిలింది. పొద్దున ఎనిమిదిన్నరకు కోదాడ, మధ్యాహ్నానికి మునగాల.
తరవాత: వైమానిక దాడులు, సూర్యాపేట స్వాధీనం. వెనక్కి తగ్గుతూ నిజాం సైన్యం మూసీ వంతెనను పేల్చింది. కాపలా పెట్టకపోవడంతో భారత సైన్యం త్వరగానే బాగు చేసుకుంది. నార్కట్‌పల్లి దగ్గర మరో పోరు.
సెప్టెంబరు 17: నిజాం లొంగుబాటు.

18వ తేదీ తరవాత

ఉపన్యాసాలు సాధారణంగా 17తో ఆగుతాయి. పల్లెల్లో మాత్రం అసలు చేటు ఆ తరవాత కూడా సాగింది. రజాకార్ల మీద కసి, రజాకార్లతో ఏ సంబంధమూ లేని సాయిబుల మీద పడింది. నెహ్రూ పంపిన పండిత్ సుందర్‌లాల్ బృందం ఆ చలికాలంలోనే సంస్థానంలో తిరిగింది. మొత్తం మీద తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో అందరికంటే ఎక్కువ. ఆ తరవాతి వరసలో ఔరంగాబాద్, బీడ్, మెదక్‌లతో పాటు మన నల్లగొండ కూడా ఉంది. ఈ నాలుగింటిలో కలిపి కనీసం 5 వేలు. ఈ నివేదిక ఢిల్లీలో దశాబ్దాల పాటు బీరువాలోనే ఉండి 2013లో గానీ జనానికి చదవడానికి దొరకలేదు.

అదే నివేదికలో ఇంకో సంగతి ఉంది. ప్రాణాలకు తెగించి ముస్లిం ఇరుగుపొరుగును కాపాడిన హిందువుల గురించి కూడా రాశారు. మా వైపు పెద్దవాళ్లను కదిలిస్తే ఈ కథలు రెండు వైపుల నుంచీ వస్తాయి. రజాకార్లు వస్తున్నారని రాత్రికి రాత్రి కబురు పంపిన సాయిబు కథ ఒకటి, సెప్టెంబరులో సాయిబు ఇంటిల్లిపాదిని గడ్డివాములో దాచి తన గంజి పంచిన రైతు కథ ఇంకొకటి. చాలా ముస్లిం కుటుంబాలు హైదరాబాద్ వెళ్లిపోయాయి. కొన్ని తిరిగొచ్చాయి, కొన్ని రాలేదు. కొన్ని ఊళ్లలో పీర్ల కొట్టం మిగిలింది, ముజావర్ మిగలలేదు. అప్పుడు ముజావర్ పనిని హిందువులే చేతికి తీసుకున్నారు.

చెక్ పల్లెల్లోనూ ఇదే దారి

ఐరోపాలో దీనికి దగ్గరి కథ చెక్ సరిహద్దుది. 1930 జనాభా లెక్కల ప్రకారం చెకోస్లొవాకియాలో 30 లక్షలకు పైగా జర్మన్లు ఉండేవారు, ఎక్కువమంది సరిహద్దు జిల్లాల్లోనే. అక్కడి పల్లెల్లో ఒక ముచ్చటైన అలవాటు ఉండేది. చెక్ రైతు తన కొడుకును ఒక ఏడాదికి జర్మన్ రైతు ఇంటికి పంపేవాడు, ఆ జర్మన్ రైతు కొడుకు వీళ్లింటికి వచ్చేవాడు. పొలం పనీ నేర్చుకుంటారు, అవతలి భాషా నేర్చుకుంటారు. 1938లో మ్యూనిక్ ఒప్పందంతో హిట్లర్ ఆ ప్రాంతాన్ని మింగాడు. 1945 తరవాత దాదాపు 30 లక్షల మంది జర్మన్లను దేశం నుంచి వెళ్లగొట్టారు. పిల్లల్ని మార్చుకున్న ఇళ్లే ఖాళీ అయ్యాయి. 1997 జనవరిలో జర్మనీ, చెక్ రిపబ్లిక్ కూర్చుని, ఎవరి తప్పుకు వాళ్లు విచారం చెబుతూ రాసి సంతకాలు పెట్టాయి. ఆ తరవాత ఉమ్మడి నిధి పెట్టి పాత ఊళ్ల చరిత్రను రాయిస్తున్నాయి.

మన కథ అంత దూరం పోలేదు, అది మన అదృష్టం. ఇక్కడి ముస్లింలను ఏ చట్టమూ వెళ్లగొట్టలేదు. అయితే చెకులూ జర్మన్లూ చేసిన ఆ రెండో పని మనం చేయలేదు. ఊరి జ్ఞాపకాన్ని రాసుకోలేదు.

గీత చెరిగింది, మళ్లీ పడింది

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక మునగాల పరగణా కృష్ణా జిల్లా వదిలి నల్లగొండలో కలిసింది. 1967లో నాగార్జునసాగర్ కాలువల్లో నీళ్లు పారాయి. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పొలాల ధర పెరిగింది. గుంటూరు, కృష్ణా రైతులు వచ్చి భూములు కొని స్థిరపడ్డారు. మిర్యాలగూడ రైస్ మిల్లుల పట్టణమైంది. ఒకప్పుడు తెలుగు చదువు కోసం అవతలికి పోయిన దారిలో ఇప్పుడు వ్యవసాయం ఇటు వచ్చింది. దానిలోనూ ముడులున్నాయి, అది మరో ఆదివారం కథ.

2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడి పాలేరు దగ్గర గీత మళ్లీ పడింది. 2020 మార్చి లాక్‌డౌన్‌లో హైదరాబాద్ నుంచి ఇళ్లకు బయల్దేరిన వందలాది మందిని గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆపేశారు. అంతకు ఎనభై ఏళ్ల కిందట కరోడ్‌గిరీ వాళ్లు బండ్లు ఆపిన దారి అదే. 2024 సెప్టెంబరు వరదల్లో పాలేరు పొంగి అక్కడే రహదారిని తెంపింది.

పోలీస్ చర్యనాటికి పదేళ్ల పిల్లలుగా ఉన్నవాళ్లకు ఇప్పుడు తొంభై ఏళ్లకు అటూ ఇటూ ఉంటుంది. పీరు ముందు నడిచినవాళ్లు, నాకా దగ్గర బండిలో కూర్చున్నవాళ్లు, రాత్రికి రాత్రి వాగు దాటినవాళ్లు ప్రతి మండలంలోనూ ఇంకా కొందరున్నారు. వాళ్ల మాటలను పద్ధతిగా రికార్డు చేసి ఊరూరి పేరుతో భద్రపరిచే పని సూర్యాపేట, నల్లగొండ జిల్లా యంత్రాంగాలు చేపట్టాలి. నల్లగొండలోని మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం చరిత్ర విద్యార్థులకు ఇంతకు మించిన ప్రాజెక్టు దొరకదు. సెప్టెంబరు 17 సభల ఖర్చులో కొంత దీనికి మళ్లిస్తే చాలు. అది జరిగేదాకా మీరు ఆగకండి. మీ ఇంట్లో తాతో నానమ్మో ఉంటే ఈ ఆదివారమే పక్కన కూర్చుని ఫోన్‌లో రికార్డు బటన్ నొక్కండి. మొదటి ప్రశ్నగా సెప్టెంబరు 17 గురించి అడక్కండి. అంతకు ముందు మన ఊళ్లో పీర్లను ఎవరు ఎత్తేవాళ్లో అడగండి.